పిన్నీసు

రాత్రి రెండుకు త్రీఫేజు కరెంటొచ్చింది.
మోటరు మూలిగి, దగ్గి, నీళ్లెత్తుకుంది.
ఎనిమిది వందల అడుగుల కింద
నేను పోయని నీళ్లు, నేను దాచని నీళ్లు
పైపుల్లోకి ఉరికినాయి.
వరప్రసాదమంటే నాకు తెలిసింది ఇంతే,
మనం ఒళ్లెరగక పండుకున్నప్పుడు వొచ్చే కరెంటు.

అయినా ఏడో సాల్లో మూడో చీనీ చెట్టు
ఆకు ముడుచుకోనే ఉండాది.

ముందు దేవుణ్ణే తగులుకున్నా.
"అంత లోతునుంచి తెచ్చినోడివి,
ఈ మూరెడు దూరం నీకు బరువా సామీ?"
మా చౌరప్ప బీడీ ఆర్పి అడిగె,
"డ్రిప్పు బొక్క చూసినావా?"

చూసినా.
ఆవగింజంత ఉప్పు.
ఎవురో తెచ్చి పెట్టింది కాదు, మా నీళ్లలోదే,
పొద్దుకింత పొద్దుకింత పేరుకొని
రాయై కూచుంది.
పైపు మీద చెయ్యేస్తే లోపల నీళ్లు
తలుపు కొడతాండాయి.

తాళికి శిలువ పక్కన ఏలాడే పిన్నీసు తీసి
పొడిచినా.
ముందు గాలి. ఆనెక మురికి. ఆనెక
ఒక బొట్టు.
కాసేపు ఆలోచించుకొని ఇంకో బొట్టు.

మూడొందల అరవై చెట్లు, చెట్టుకు నాలుగు బొక్కలు.
ఆ తపస్సు కాలమంతా నా మోకాళ్లు
పుట్లూరు గుడిలో కంటే
తోటలోనే ఎక్కువ అరిగినాయి.
ఈ సాలు ముగించేసరికి ఆ సాలు మూసుకునేది.
ఓర్పు అనేది ఒకసారి కొని పెట్టుకునే సామాను కాదని
ఎవురూ చెప్పలేదు నాకు.

ఒకటి మాత్రం దాటేసి పోతాంటి.
గట్టవతల మా మరిది ఇన్నాసి చెట్లు నలభై.
బోరు ఒకటే, వాల్వు నా పక్క.
మా మామ సమాధికాడ వాడొక మాటన్న్యాడని
పోయిన ఎండాకాలం బిగించేసినా.
పాపసంకీర్తనంలో సామికి అన్నీ చెప్పినా:
కోపం, అబద్దం, ఆదివారం ఎగ్గొట్టిన పూజ.
వాల్వు సంగతి చెప్పలా.
అది పాపం కాదు, ఇనుమే గదా అనుకున్నా.

కానీ వంగి వంగి ఉప్పు తీసే చెయ్యి
ఉప్పు యాడున్నా కనిపెడుతుంది.
ఆ పక్క ఆరోగ్యమ్మ బిందెతో నీళ్లు మోస్తా
చెట్టుకొక చెంబు పోస్తాంటే
నా పిన్నీసు నా ఏలికే గుచ్చుకుంది.

టార్చి పట్టుకొని పోయినా, రాత్రి.
చక్రం తుప్పు పట్టింది. తిరగలా.
కొంగు చుట్టి పట్టినా. తిరగలా.
"పట్టు సామీ ఒక చెయ్యి," అన్న్యా,
దూలమెత్తేటప్పుడు పక్కోణ్ణి అన్నట్ల.
కిర్రుమని తిరిగింది.
నేనే తిప్పినానో, నా చేతి మీద ఇంకో చెయ్యి పడిందో
ఆ చీకట్లో లెక్క తేల్లా.
పంచుకోను తెలీని బలం అది.
నాలోనే ఉండింది, నాది కాదు.

మంచి పని చేస్తే ప్రెషరు పెరుగుతాదని
ఎవురన్నా చెబితే నమ్మొద్దు.
తగ్గింది.
నా కడా సాలు చెట్లకు బొట్టు బొట్టుకూ మధ్య
ఒక మంగళవార్త జపం చెప్పుకోవచ్చు.
చౌరప్ప రెండ్రోజులు మాట్లాడలా,
మూడోనాడు గమ్మున పోయి
ఇన్నాసి పైపుకు పగిలిన జాయింటు కట్టొచ్చె.

ఇన్నాసి ఏమీ అనలా. ఇప్పటికీ అనలా.
ఏడో సాల్లో ఆ మూడో చెట్టు బతకలా.
పక్కది గోళికాయంత పిందెలు పట్టింది.

మట్టలాదివారం ముందునాడు
గట్టు మీద ఆరోగ్యమ్మ నిలబడింది.
ఏడాది తరవాత మొదటి మాట:
"అక్కా, పిన్నీసుందా?"

ఇచ్చేసినా.
ఈ పొద్దు కొత్తది కొనాల,
ఒకటో సాలు మళ్ల మూసుకుంది.